బాగుచేస్తే బంధం తెగుతుంది

తణుకులోని కుందనం గ్రైండర్స్ షోరూములో పెంకె నూకరాజు ఇరవై ఆరేళ్లుగా మెకానిక్కు. మిక్సీ గానీ గ్రైండరు గానీ తెచ్చి బల్ల మీద పెడితే ఆయన ముందు దాన్ని చూడడు. ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, కళ్లు మూసుకుని వింటాడు. "బుష్ అరిగిపోయిందండి" అనో, "కార్బన్లు అయిపోయాయండి" అనో చెబుతాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే అయివుంటుంది. మనిషికి మాటలు తక్కువ. మొదట్లో "ఏమైందండీ?", చివర్లో "ఇక తీసుకెళ్లండి". ఈ రెండింటికీ మధ్య మాట్లాడేదంతా స్క్రూడ్రైవరే.

ఇరవై ఆరేళ్లలో ఎవరికీ ఇందులో తప్పు కనిపించలేదు. కంపెనీ కొత్తగా పెట్టిన కస్టమర్ అనుభూతి విభాగానికి కనిపించింది.

ఆ విభాగాధిపతి పేరు విక్రాంత్ భార్గవ. ముప్పై రెండేళ్లుంటాయి. మేజోళ్లు లేకుండా బూట్లు వేసుకుంటాడు. హెడ్డాఫీసు నుంచి కారులో వచ్చి, షట్టరు సగానికి దింపించి, సిబ్బందినందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు వేశాడు.

"మన కస్టమర్ మన దగ్గర గడిపే సగటు సమయం ఎంతో మీకెవరికైనా తెలుసా? పదకొండు నిమిషాలు!" అని ఆ అంకె మీద లేజరు చుక్క తిప్పాడు. "పదకొండు నిమిషాల్లో ఒక మనిషికి ఏం అనుభూతి కలుగుతుంది? పంటి డాక్టరు దగ్గర కూడా ఇంతకన్నా ఎక్కువసేపు కూర్చుంటారు కదా!"

బ్రాంచి మేనేజరు కోదండపాణి విచారంగా తలూపాడు. పైవాళ్లు మాట్లాడుతుంటే వాక్యం పూర్తికాకముందే తలూపడం ఆయనకు అలవాటు.

నూకరాజు చెయ్యెత్తాడు. "పదకొండు నిమిషాల్లో మిక్సీ బాగైపోద్దండి. అందుకని ఎల్లిపోతారండి."

"చూశారా, సమస్య మూలం ఆయనే చెప్పేశారు!" అని భార్గవ సంబరపడిపోయి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. తను ఏం చెప్పాడో నూకరాజుకు అర్థం కాలేదు.

మర్నాటి నుంచి 'కుందనం ఆత్మీయ ప్రయాణం' అమల్లోకి వచ్చింది. ఆ ప్రయాణంలో ఏడు మజిలీలు: స్వాగతం, పరిచయం, సానుభూతి, జ్ఞాపకం, ఆత్మావలోకనం, వేడుక, వీడ్కోలు. రిపేరుకు వేడుకకూ వీడ్కోలుకూ మధ్య, వీలును బట్టి, కొంత చోటు కల్పించారు.

మొదటిరోజే దీనికి దొరికినవాడు లెక్కల మాస్టారు జోగారావుగారు. బడికి వెళ్తూ వెళ్తూ మిక్సీ ఇచ్చిపోదామని వచ్చాడు. గుమ్మంలోనే బొట్టు పెట్టి, పన్నీరు చల్లి, సోఫాలో కూర్చోబెట్టారు. నాలుగో మజిలీలో ఒక అమ్మాయి పలక లాంటి ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"ఈ మిక్సీతో మీకున్న మధుర జ్ఞాపకం ఏదైనా మాతో పంచుకుంటారా సార్?"

"మధురవేంటమ్మా! మొన్న మూత ఊడొచ్చి కొబ్బరి పచ్చడి మొత్తం ఫ్యానుకి అంటుకుంది. ఫ్యాను తిరుగుతుందేమో, గోడలకీ అంటుకుంది. మా అత్తగారు అప్పుడే పట్టుచీర కట్టుకుని బయల్దేరుతున్నారు."

అమ్మాయి 'కుటుంబ సభ్యులందరినీ ఒక్కచోట చేర్చిన సంఘటన' అని రాసుకుంది.

మాస్టారు మూడు గంటల నలభై నిమిషాల తర్వాత బయటపడ్డాడు. ఆ రోజు బడిలో ఏడో తరగతికి లెక్కలు జరగలేదు. తణుకు బ్రాంచి సగటు అనుభూతి కాలం ఒక్కరోజులో ఇరవై రెట్లు పెరిగిందని హెడ్డాఫీసు నుంచి అభినందన పత్రం వచ్చింది. కోదండపాణి దానికి ఫ్రేము కట్టించాడు.

రెండు నెలలు గడిచాక భార్గవ మళ్లీ వచ్చాడు. ఈసారి మొహం దిగులుగా ఉంది.

"రెండు నెలల సమాచారాన్ని మథించాం. వచ్చిన ఫలితం చూసి నాకు మూడు రోజులు అన్నం సయించలేదు." తెర మీద రెండు గీతలు కనిపించాయి. ఒకటి పైకి లేస్తోంది, ఇంకొకటి నేలకు అంటుకుపోయింది. "ఈ పై గీత, మిక్సీ బాగుకాని కస్టమర్లు. వాళ్లు మన దగ్గరికి వారానికి నాలుగుసార్లు వస్తున్నారు. ఫోన్లు చేస్తున్నారు. కొందరు బంధువుల్ని కూడా వెంటబెట్టుకొస్తున్నారు. ఎంత అనుబంధం! ఇక ఈ కింది గీత, మిక్సీ బాగైనవాళ్లు. వాళ్లు తిరిగి మన ముఖం చూడటం లేదు."

భార్గవ లేజరు చుక్కను కింది గీత మీద ఆపాడు.

"అంటే, బాగుచేసిన ప్రతిసారీ మనం ఒక కస్టమర్‌ని పోగొట్టుకుంటున్నాం. ఈ బ్రాంచిలో ఆ పని ఎవరు చేస్తున్నారు?"

కోదండపాణి తలూపుతూనే నూకరాజు వైపు చూశాడు. అందరూ నూకరాజు వైపు చూశారు.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. 'ఇందుమూలముగా సమస్త శాఖలకు తెలియజేయునదేమనగా, మరమ్మతు అనునది కస్టమరుకును సంస్థకును గల బంధమును అకాలముగా తెంచివేయు చర్యగా నిర్ధారణ అయినందున, తక్షణము సదరు చర్యను అన్ని శాఖలయందును నిలుపుదల చేయడమైనది. మరమ్మతుదారులను సానుభూతి నిపుణులుగా ఉన్నతీకరించడమైనది.'

బెల్టులూ బేరింగులూ మాత్రం కౌంటర్లో అమ్మవచ్చునట. అవి కొనడానికి వచ్చేవాళ్లూ ఏడు మజిలీలూ తిరగాలి.

నూకరాజుకు లేతనీలం కోటు తొడిగారు. స్క్రూడ్రైవర్లూ స్పానర్లూ పట్టుకారూ తీసుకుని గాజుపెట్టెలో సర్ది, 'గతకాలపు పనిముట్లు – తాకరాదు' అని అట్టముక్క పెట్టారు. ఆయన చేయాల్సిన పని ఒక్కటే. సోఫాలో కస్టమరు పక్కన కూర్చుని, కళ్లలోకి అయిదు సెకన్లకు తగ్గకుండా చూసి, "మీ యంత్రం పడుతున్న బాధ నా గుండెకు తెలుస్తోంది" అనాలి.

మొదటి వారం ఆ మాట ఆయన గొంతు దాటలేదు. రెండో వారం దాటింది గానీ, 'కరెంటు బిల్లు వచ్చిందండి' అన్నట్టుగా దాటింది. సానుభూతిలో పదికి రెండు మార్కులే వచ్చాయని కోదండపాణి పిలిచి మందలించాడు.

చేతులకు పనిలేక నూకరాజు ఇంట్లో శుభ్రంగా తిరుగుతున్న ఫ్యాను విప్పి బిగించాడు. మర్నాడు ఇస్త్రీపెట్టె. ఆదివారం నాటికి పక్కింటివాళ్ల నీళ్లమోటారు దాకా వెళ్లాడు.

"ఇంకేం మిగల్లేదు, ఇక నన్నూ విప్పి బిగిస్తారు కాబోలు" అంది భార్య సుభద్ర. ఆయన నవ్వలేదు. చేతివేళ్లు చూసుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి గోళ్ల సందుల్లో గ్రీజు లేదు. ఆ చేతులు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు అనిపించింది.

ఆ మంగళవారం పొద్దున్న పది గంటలకు చిలకమ్మ వచ్చింది.

చిలకమ్మ షోరూముకు ఎదురుగానే, రోడ్డుకు అవతలి పక్క, ఇడ్లీ పిండీ దోసె పిండీ అమ్ముతుంది. పదేళ్ల కిందట ఆమె కొన్న పెద్ద గ్రైండరును అప్పటి నుంచీ చూస్తున్నది నూకరాజే. ఇద్దరు మనుషులు దాన్ని మోసుకుని రోడ్డు దాటించి తెచ్చారు. వెనకాలే ఆమె కొంగు దోపుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

"అన్నయ్యా, రాయి తిరగట్లేదు. రేపొద్దున్నించి గర్ల్స్ హాస్టల్‌కి నేనే ఇయ్యాలి పిండి. రెండొందల మంది పిల్లలు. మొదటిరోజే ఇవ్వలేకపోతే వార్డెనమ్మ ఇంకోళ్లకి ఇచ్చేస్తానంది. పప్పు నానబోసేశాను, మజ్జాన్నానికల్లా రుబ్బకపోతే కంపు కొట్టేద్ది."

నూకరాజు చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. అక్కడ స్క్రూడ్రైవరు లేదు. కోటు జేబులో కన్నీళ్లు తుడిచే కాగితాలున్నాయి.

ఈలోపు కోదండపాణి చేతులు చాచుకుంటూ వచ్చేశాడు. "పదేళ్ల కస్టమరు! పదేళ్ల బంధం! రండమ్మా, రండి. పన్నీరు!"

చిలకమ్మ మొహం మీద పన్నీరు పడింది. పరిచయం మజిలీలో ఆమె ఇంటిపేరూ, ఇష్టమైన రంగూ, పిండి రుబ్బేటప్పుడు మనసులో మెదిలే భావాలూ రాయించారు. మూడో మజిలీలో సోఫాలో కూర్చోబెట్టారు. నూకరాజు ఆమె పక్కన కూర్చున్నాడు. కోదండపాణి చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు.

నూకరాజు ఆమె కళ్లలోకి అయిదు సెకన్లు చూశాడు. "మీ యంత్రం పడుతున్న బాధ నా గుండెకు తెలుస్తోంది" అన్నాడు.

చిలకమ్మ ఆయన మొహంలోకి వంగి చూసింది. తర్వాత మెల్లగా, "ఒంట్లో బాగుంటంలేదా అన్నయ్యా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆయన్ని ఎక్కడో కోసింది. తల దించుకున్నాడు.

పన్నెండున్నరకు వేడుక మొదలైంది. కొని పదేళ్లయిన ప్రతి యంత్రానికీ పుట్టినరోజు చెయ్యాలని భార్గవ మొన్ననే ఉత్తర్వు పంపాడు. గ్రైండరుకు రంగుల టోపీ పెట్టారు. చిలకమ్మకూ పెట్టారు. మోసుకొచ్చిన ఇద్దరికీ చేతుల్లో బుడగలిచ్చారు. కేకు కోస్తూ అందరూ చప్పట్లు కొడుతుండగా, కోదండపాణి వేడుకకు నిండుదనం రావాలని గ్రైండరు స్విచ్చి వేశాడు.

'గ్ర్ర్ర్' అని మూలిగి ఆగిపోయింది.

"కింది బేరింగు" అన్నాడు నూకరాజు. నోరు దానంతటదే అనేసింది.

చప్పట్లు ఆగిపోయాయి. కోదండపాణి మొహం పాలిపోయింది. "నూకరాజూ! మీరు... మీరు రోగనిర్ణయం చేస్తున్నారా? అదీ కస్టమరు వింటుండగా?"

"లేదండి. సానుభూతండి."

"సానుభూతిలో విడిభాగాల పేర్లు రాకూడదు!"

ఒంటిగంటకు వీడ్కోలు. చిలకమ్మ చేతికి పూలగుత్తి ఇచ్చి, చెడిపోయిన గ్రైండరును చెడిపోయినట్టే ఇచ్చి, మళ్లీ మళ్లీ రావాలని దండం పెట్టారు. టోపీ తియ్యడం కూడా మరిచిపోయి ఆమె మెట్ల మీద నిలబడింది. ఏడవడం లేదు. రోడ్డుకు అవతల ఉన్న తన కొట్టు వైపు చూస్తోంది, అంతే.

నూకరాజు నీలం కోటు విప్పి సోఫా మీద వేశాడు. టీ తాగొస్తానని చెప్పి బయటికి వచ్చాడు. "చెల్లెమ్మా, గ్రైండరు వెనక్కి పట్టించు. స్కూటర్ల షెడ్డులోకి."

సైకిలు కొట్టులో స్పానరు అడిగి తెచ్చుకున్నాడు. స్కూటరు డిక్కీలో ఏనాటిదో కొత్త బేరింగు ఒకటి పడివుంది. వాచ్‌మన్ తన ఫ్యాను ప్లగ్గు పీకి చోటిచ్చాడు. నూకరాజు నేల మీద గొంతుక్కూర్చుని గ్రైండరు బోర్లించి విప్పాడు. చేతులు ఆయనవే అయ్యాయి. ఇరవై నిమిషాలకు స్విచ్చి వేస్తే రాయి మెత్తగా, తుమ్మెద ఝుంకారంలా తిరిగింది.

"ఇక తీసుకెళ్లు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న హాస్టల్లో రెండొందల మంది ఇడ్లీ తిన్నారు. వార్డెనమ్మ ఇంకో రెండు గిన్నెల పిండి అదనంగా కావాలంది. చిలకమ్మ ఆ సంగతి తనకు తెలిసినవాళ్లకల్లా చెప్పింది. పిండి కొనడానికి తణుకులో ఆమె దగ్గరికి రానివాళ్లు తక్కువ.

అక్కణ్ణించి ఒక కొత్త పద్ధతి మొదలైంది. జనం షోరూములోకి వచ్చి, పన్నీరు చల్లించుకుని, జ్ఞాపకాలు చెప్పి, కేకు తిని, బేరింగో బెల్టో కొనుక్కుని, వీడ్కోలు తీసుకుని నేరుగా వెనక షెడ్డుకు వెళ్లేవారు. నూకరాజు రోజుకు ఆరేడు టీలు తాగొస్తున్నాడు. సానుభూతిలో ఆయన మార్కులు పదికి తొమ్మిదయ్యాయి. మనసు తేలికపడ్డాక ఆ మాటను నవ్వుతూ అంటున్నాడు మరి.

కానీ హెడ్డాఫీసులో గీత కుప్పకూలింది. తణుకు కస్టమర్లు తిరిగి రావడం మానేశారు. బంధాలు టపటపా తెగిపోతున్నాయి. భార్గవ కారేసుకుని పరుగెత్తుకొచ్చాడు. బయటికి వెళ్తున్న ఒక పెద్దావిడ వెనకే పిల్లిలా నడిచి షెడ్డు దాకా వెళ్లాడు. అక్కడ నూకరాజు చేతిలో పట్టుకారుతో పట్టుబడ్డాడు.

విచారణ షోరూములోనే జరిగింది. కోదండపాణి అభియోగ పత్రం చదివాడు. "నిందితుడు తన సానుభూతి విధులను దుర్వినియోగము చేసి, సంస్థ వెనుకభాగమున, అరవైమూడు యంత్రములను పనిచేయు స్థితికి తెచ్చినాడు."

"అరవై మూడు బంధాలు తెంచేశారు మీరు" అన్నాడు భార్గవ. గొంతులో నిజంగానే బాధ ఉంది.

"తెంచలేదండి. ఊడినయ్యి బిగించానండి."

"ఒక్కసారైనా సంస్థ భవిష్యత్తు గురించి ఆలోచించారా?"

నూకరాజు ఆలోచించాడు. "సార్, ఆళ్లు మీ దగ్గరికి రావాల్సింది పాతది బాగవ్వలేదని కాదండి. పాతది బాగా పనిచేసింది, ఇంకోటి కావాలని రావాలండి."

భార్గవ ఆ మాట రాసుకోబోయాడు. పలక ఫోనులో దానికి తగిన గడి కనబడక మానుకున్నాడు. నూకరాజును ఆ సాయంత్రానికే ఉద్యోగంలోంచి తీసేశారు. వీడ్కోలు మజిలీ ఉంది కాబట్టి ఆయనకూ పూలగుత్తి ఇచ్చారు.

పూలగుత్తి పట్టుకుని రోడ్డు మీద నిలబడితే ఎటు పోవాలో తోచలేదు. యాభై రెండేళ్ల వయసు. చేతనైంది ఒక్కటే పని, ఆ పనికే నేరమని పేరు పెట్టారు. అవతలి పక్క నుంచి చిలకమ్మ కేక వేసింది.

"అక్కడ నిలబడతావేంటన్నయ్యా? మా అరుగు ఖాళీగానే ఉంది కదా! ఒక బల్లేసుకో. ప్లగ్గు నేనిస్తాను."

"మీ కొట్టుకి అడ్డమేమో చెల్లెమ్మా."

"అడ్డవా! నీ దగ్గరికొచ్చినోళ్లు కూర్చుని ఏం చేస్తారు? పిండి కొంటారు."

వారంలో అరుగు మీద బల్ల వెలిసింది. సుభద్ర తెల్ల అట్ట మీద 'ఇచట బాగుచేయబడును' అని ఎర్ర రంగుతో రాసింది. ఏం బాగుచేస్తారో రాయలేదు. జనం గొడుగులు కూడా తెచ్చారు.

అయితే బేరింగులూ బెల్టులూ దొరికేది కుందనంలోనే. కాబట్టి జనం ముందు షోరూముకే పోయేవారు. లోపల రెండు మూడు గంటలు మొహం గంటు పెట్టుకుని ఏడు మజిలీలూ తిరిగి, బెల్టు చేతపట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఎదురుగా అరుగు, ఎర్ర అక్షరాలు, కళ్లు మూసుకుని వింటున్న నూకరాజు. చటుక్కున మొహాలు విప్పారేవి.

ఆ గుమ్మం మీద భార్గవ కొత్తగా పెట్టించిన నవ్వుల కెమెరా ఉంది. ఎవరెంత నవ్వారో లెక్కగట్టి హెడ్డాఫీసుకు పంపుతుంది. తణుకు బ్రాంచి గుమ్మంలో నూటికి తొంభై ఏడు మంది నవ్వుతున్నారని తేలింది. కంపెనీ చరిత్రలో ఎక్కడా ఇన్ని నవ్వులు లేవు.

భార్గవ పదిరోజులు తణుకులోనే మకాం వేసి పరిశోధించాడు. గుమ్మం కొలిచాడు. తలుపు రంగు చూశాడు. మెట్టు ఎత్తు రాసుకున్నాడు. రోడ్డు అవతలికి మాత్రం చూడలేదు, అది కంపెనీ పరిధిలోకి రాదు కాబట్టి. పదకొండో రోజు తెర దింపించాడు.

"కస్టమర్‌కి పరమానందం కలిగేది మన దగ్గర నుంచి బయటికి వెళ్లే క్షణంలో! వెళ్లిపోవడమే అసలైన అనుభూతి!"

కోదండపాణి తలూపాడు.

"కాబట్టి ఆ క్షణాన్ని వీలైనంత త్వరగా అందించాలి. వేడుక రద్దు. ఆత్మావలోకనం రద్దు." నెలలోగా మజిలీలన్నీ ఒకటొకటిగా పోయాయి. తర్వాత లోపలికి వచ్చే దారి మీద కూడా 'బయటకు' అని బోర్డు పెట్టారు. చివరికి కౌంటరునే తెచ్చి గుమ్మంలో వేశారు. కస్టమరు వస్తూనే బెల్టు తీసుకుని, వచ్చిన కాలితోనే వెళ్లిపోతాడు. భార్గవ దీనికి 'శూన్య ప్రయాణం' అని పేరు పెట్టాడు. ఆ ఏడు ఉత్తమ అనుభూతి బహుమతి కుందనానికే వచ్చింది. వేదిక మీద భార్గవ కళ్లు తుడుచుకున్నాడని పేపర్లో పడింది.

బహుమతి వచ్చిన మూడోరోజు భార్గవ మొట్టమొదటిసారి రోడ్డు దాటాడు. అరుగు ముందు తొమ్మిది మంది కూర్చునివున్నారు. కొందరు పిండి గిన్నెలు ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. జోగారావు మాస్టారు ఎవరి పిల్లకో ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాడు. ఆయన మిక్సీకి ఏమీ కాలేదు. ఊరికే వచ్చాడు.

భార్గవ చాలాసేపు వాళ్లను చూస్తూ నిలబడ్డాడు. "వీళ్లవన్నీ మీరు బాగుచేసేశారు కదా నూకరాజుగారూ. అయినా మళ్లీ ఎందుకు వస్తున్నారు?"

"తెలీదండి. అడగలేదండి."

"మీరు తిరిగి వచ్చేయండి. హెడ్డాఫీసులో గది, కారు, ప్రధాన అనుభూతి సలహాదారు పదవి. దేశంలోని బ్రాంచీలన్నిటికీ మీరు తర్ఫీదు ఇవ్వాలి."

చిలకమ్మ పిండి కలపడం ఆపి చూసింది. నూకరాజు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"అక్కడ రిపేరు చెయ్యనిస్తారాండీ?"

భార్గవ ఇబ్బందిగా కదిలాడు. "అదొక్కటే, విధానపరంగా కొంచెం కష్టం. కానీ మీకు మాత్రం ప్రత్యేకంగా, సంవత్సరానికి ఒకసారి, ప్రదర్శన కోసం... కమిటీ అనుమతి తీసుకుని..."

వరసలో ముందున్న ముసలమ్మ అప్పటికే తన మిక్సీ తెచ్చి బల్ల మీద పెట్టేసింది. నూకరాజు ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, కళ్లు మూసుకున్నాడు. మిక్సీ గట్టిగా గీపెట్టింది. భార్గవ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు గానీ, ఆ చప్పుడులో ఆయన పెదవులు కదలడం తప్ప ఎవరికీ ఏమీ వినపడలేదు.